గోలీల దానం

హైదరాబాదు నుంచి శ్రీశైలం పోయే రోడ్డు తుక్కుగూడ మీదుగా పోతుంది. శివరాత్రి దగ్గర పడేకొద్దీ ఆ రోడ్డు అంచున మాల వేసుకున్న స్వాములు గుంపులు గుంపులుగా నడుస్తూ కనిపిస్తారు. భుజాన చిన్న మూట, కాళ్ళకు చెప్పులుండవు. కందుకూరు, కడ్తాల్, ఆమనగల్లు, కల్వకుర్తి దాటి, నల్లమల ఎక్కి మల్లన్న గుడి చేరేసరికి నడక రెండు వందల కిలోమీటర్లకు దగ్గరవుతుంది.

ఆ రోడ్డు పక్కన ఒక ముసలి రైతు ఉండేవాడు. ఎయిర్‌పోర్టు, ఔటర్ రింగు రోడ్డు వచ్చాక భూముల ధరలు పెరిగాయి. ఉన్న ఎనిమిది ఎకరాల్లో ఐదెకరాలు అమ్మేశాడు. పైసలు చేతిలో పడ్డ రోజు ఇద్దరు కొడుకులనూ కూర్చోబెట్టి ఒక మాట చెప్పాడు.

"బాట వచ్చిందనే మన భూమికి ఇంత ధర పలికింది. ఆ బాటెంట నడిచెటోళ్ళకు ఏటా శివరాత్రికి ఏదన్న సేవ చెయ్యిన్రి. ఏం చేస్తరో మీ ఇష్టం."

పెద్ద కొడుకు చేతికి ఎముక లేని మనిషి. రోడ్డుకు ఎడమ పక్కన పెద్ద టెంటు వేయించాడు. మైకు పెట్టించాడు, ఫ్లెక్సీ కట్టించాడు. అన్నం పెట్టేవాళ్ళు అప్పటికే చాలామంది ఉన్నారు కనుక తాను మందులు పంచుతానన్నాడు. పట్నంలో హోల్‌సేల్ దుకాణం నుంచి పెట్టెలు దింపించాడు. ఆర్‌ఎంపీ దగ్గర కొన్నాళ్ళు పనిచేసిన కుర్రాణ్ణి టేబుల్ దగ్గర కూర్చోబెట్టాడు. స్టీలు పళ్ళాల్లో గోలీలు కుప్పలుగా పోశారు. తెల్లవి విరేచనాలకు, పచ్చవి గొంతు నొప్పికి, ఎర్రవి జ్వరానికి. దగ్గు అన్నవాడికి రెండు, కాలు పగిలిందన్నవాడికి రెండు. ఏమీ లేనివాడికి కూడా, "అడవిల దవాఖాన ఉండదు స్వామీ, ముందుగాల్నే ఏసుకుంటే మంచిది" అని రెండు. తీసుకున్నవాళ్ళు రెండు చేతులూ జోడించి నీ కడుపు చల్లగుండ అని దీవించి పోయేవాళ్ళు.

చిన్న కొడుకు రోడ్డుకు కుడి పక్కన నాలుగు గుంతలు తవ్వించాడు. వాటి మీద సిమెంటు బిళ్ళలు వేయించి, చుట్టూ రేకులు కట్టించాడు. గుంతలు బావికి, నీళ్ళ డ్రమ్ములకు దూరంగా ఉండేలా చూసుకున్నాడు. పెద్ద గుండిగల్లో నీళ్ళు మరగకాచి, చల్లార్చి, కుళాయి ఉన్న డ్రమ్ముల్లో పోయించాడు. సబ్బు బిళ్ళలు పాత దోమతెర గుడ్డలో మూటకట్టి కొయ్యకు వేలాడదీశాడు. అతని ఏర్పాటుకు పేరు రాలేదు. మరుగుదొడ్డి మీద ఫ్లెక్సీ ఎవరు కడతారు? ఊళ్ళో కొందరు ఎదురుగానే అన్నారు, "మీ అన్న పుణ్యం కట్టుకుంటుండు, నువ్వు పెంటకుప్ప కట్టుకుంటున్నవు" అని.

వాళ్ళ అమ్మ చిన్నోడి పక్కనే కుర్చీ వేసుకుని కూర్చుంది. చేతిలో ఇత్తడి చెంబు. గుంత దగ్గర నుంచి వచ్చిన ప్రతి ఒక్కరినీ పిలిచేది. "చేతులు చాపు బిడ్డా." నీళ్ళు సన్నగా ధారగట్టి పోసేది. "అట్ల కాదు. ఏళ్ళ సందుల రుద్దు. గోర్ల కింద రుద్దు. బొటనవేలు మరిశినవు." ఒక పడుచు స్వామి సిగ్గుపడి, పెద్దదానివి నువ్వు నా చేతులకు నీళ్ళు పోయడమేంటమ్మా అని వెనక్కి లాక్కున్నాడు. "మల్లన్నకు మారేడు పత్రి పెట్టే చెయ్యి గదా. మంచిగుండాలె" అని మళ్ళీ చాపించింది. కడగడం అయ్యాక ఆ చేతులను ఒకసారి తిప్పి చూసి, తృప్తి పడితేనే మంచినీళ్ళ గ్లాసు ఇచ్చేది.

ఇట్లా మూడు శివరాత్రులు గడిచాయి.

ఆ మూడో ఏడు వానలు పడే రోజుల్లో ముసలాయనకు మూత్రం బందయింది. దవాఖానలో చేర్చారు, పైపు వేశారు. మూడో నాడు వణుకుతో జ్వరం మొదలైంది. ఇంజెక్షన్లు ఇచ్చారు, జ్వరం దిగలేదు. మందు మార్చారు, అయినా దిగలేదు. మనిషి మాట తడబడడం మొదలైంది. అప్పుడు డాక్టరమ్మ కల్చర్ రిపోర్టు తెచ్చి పెద్దోడి చేతిలో పెట్టింది. కాగితం మీద పైనుంచి కిందికి మందుల పేర్లు, ఒక్కొక్క పేరు ఎదురుగా ఒక్క అక్షరం. 'ఆర్', 'ఆర్', 'ఆర్'. 'ఆర్' అంటే ఆ మందును ఆ క్రిమి లెక్కచేయదని. వేలు పెట్టి కిందికి దిగుతూ పోతే అట్టడుగున రెండు పేర్ల దగ్గర మాత్రం 'ఎస్' అని ఉంది. పైనున్న పేర్లలో మూడు పెద్దోడికి కంఠస్థం. ఆ పెట్టెలు తానే దింపించాడు.

"మా నాయిన పుట్టి బుద్ధెరిగినంక గోలీ మింగలే డాక్టరమ్మా. జరమొస్తే లంఖణం పెట్టెటోడు. మరి ఆయనకు మందులెందుకు పనిచేస్తలేవు?"

"మందు మింగి రాటుదేలింది మీ నాన్నగారు కాదు, క్రిమి. ఎక్కడో ఎవరి కడుపులోనో మందు తగిలింది, చావకుండా బతికింది. అక్కడి నుంచి నీళ్ళలోనో, చేతుల మీదో ఇక్కడిదాకా వచ్చింది."

పెద్దోడు తన టెంటు సంగతి చెప్పాడు. దాచుకోలేదు. ఆమె చాలాసేపు ఏమీ అనలేదు. "మీ టెంటు నుంచే వచ్చిందని నేను చెప్పను. ఎవరూ చెప్పలేరు. ఈ ఆసుపత్రిలోనే అంటుకుని ఉండవచ్చు కూడా. ఎవరి వల్ల వచ్చిందో తేలదు కనుకనే ఈ తప్పును అందరం చేస్తూనే ఉన్నాం" అంది.

మిగిలిన ఆ రెండు మందుల్లో ఒకటి పనిచేసింది. రెండు వారాల ఇంజెక్షన్లకు ఒక ప్లాటు కరిగిపోయింది. మనిషి ఇంటికి వచ్చాడు. మంచం మీద కూర్చుని గంజి తాగుతూ పెద్దోణ్ణి అడిగాడు.

"ఎంతమందికి ఇచ్చినవురా గోలీలు?"

"లెక్క రాయలే నాయినా."

"ఏ ఊరోళ్ళు?"

"ఎవరికెరుక. అన్ని ఊర్లోళ్ళు."

"అన్నం పెడితే ఆకలి ఆడికాడికే తీరుతది. నీళ్ళు పోస్తే దూప ఆడికాడికే పోతది. నువ్వు ఇచ్చింది ఆడికాడికే అయిపోయేది కాదు కొడకా. వాళ్ళెంట వాళ్ళ ఊర్లకు పోయింది."

తరవాతి శివరాత్రికి రోడ్డు పక్కన ఒక్కటే టెంటు లేచింది. పెద్దోడి టేబుల్ మీద స్టీలు పళ్ళాలు లేవు. ఓఆర్‌ఎస్ పొట్లాలు, కాళ్ళ పుండ్లకు కట్లు కట్టే దూది, గుడ్డ ఉన్నాయి. జ్వరమో, రక్త విరేచనాలో ఉన్నవాళ్ళను ఎక్కించుకుని ప్రభుత్వ దవాఖానకు తీసుకుపోవడానికి ఆటో ఒకటి ఉంది. తెల్లవారుజామున చీపురు పట్టి దొడ్లు కడిగింది కూడా పెద్దోడే.

నీతి: యాంటీబయాటిక్ గోలీ పంచిపెట్టే వస్తువు కాదు. జనం కూడిన చోట చేయదగిన దానం కాచిన నీళ్ళు, సబ్బు, మరుగుదొడ్డి.

ఈ కథలోని ఇల్లు, మనుషులు కల్పితం. కథకు ఆధారమైన సంగతి మాత్రం గంగ ఒడ్డున కొలిచి చూసినది. బ్రిటన్‌లోని న్యూకాసిల్ విశ్వవిద్యాలయం, ఢిల్లీ ఐఐటీ శాస్త్రవేత్తలు కలిసి రిషీకేశ్, హరిద్వార్ ప్రాంతాల్లో గంగ నీటిని పరీక్షించి 2014లో ఫలితాలు ప్రకటించారు. వాళ్ళు వెతికింది ఎన్‌డీఎమ్-1 అనే జన్యువును. పెద్ద ఆసుపత్రుల్లో చివరి ఆయుధంగా దాచుకునే కార్బపెనెమ్ మందులను కూడా విరగ్గొట్టే శక్తిని బ్యాక్టీరియాకు ఇచ్చేది అదే. యాత్రికులు లక్షల్లో వచ్చే మే, జూన్ నెలల్లో ఆ నీళ్ళలో ఈ జన్యువు మిగతా కాలంతో పోలిస్తే ఎన్నో రెట్లు ఎక్కువగా కనిపించింది. హిమాలయాల పాదాల దగ్గర ఫ్యాక్టరీల మురుగు లేని స్వచ్ఛమైన నీళ్ళు అవి. ఆ జన్యువు అక్కడికి మనుషుల కడుపుల్లోనే వచ్చింది. వచ్చిన జనానికి సరిపడా మరుగుదొడ్లు, మురుగు శుద్ధి లేకపోవడంతో నదిలో కలిసింది.

ఈ జన్యువు మోసుకుపోతున్న మనిషికి ఆ సంగతి తెలియదు. జ్వరం ఉండదు, నొప్పి ఉండదు. పేగుల్లో కోట్ల కొద్దీ బ్యాక్టీరియా మామూలుగానే కాపురం ఉంటుంది. వాటిలో ఒకటో రెండో మొండివి. ఆ మనిషి రెండు యాంటీబయాటిక్ గోలీలు వేసుకున్నాడనుకోండి, మందుకు లొంగే మంచివి చస్తాయి, ఖాళీ అయిన చోటంతా మొండివి పెరుగుతాయి. ఇక్కడితో ఆగితే కొంత నయమే. బ్యాక్టీరియా తమ మొండితనాన్ని పిల్లలకే కాదు, పక్కనున్న వేరే జాతి బ్యాక్టీరియాకు కూడా ఇచ్చేస్తాయి. ప్లాస్మిడ్ అనే చిన్న డీఎన్‌ఏ ముక్క ఒకదాని నుంచి ఇంకొకదానికి చేరిపోతుంది. కడుపులో ఏ హానీ చేయని ఈ-కోలై దగ్గర ఉన్నది, రేపు ఆసుపత్రిలో న్యుమోనియా తెచ్చే క్లెబ్సియెల్లాకు అందవచ్చు. జాతరలో పది జిల్లాల కడుపులు ఒక్క వాగు దగ్గర కలుస్తాయి. నాలుగో రోజున అందరూ తమ తమ ఊళ్ళకు బస్సెక్కుతారు.

ఇది హిందువుల యాత్రల సంగతి మాత్రమే అనుకోవద్దు. ఫ్రాన్స్‌లోని మార్సే నుంచి 2013, 2014 సంవత్సరాల్లో హజ్‌కు వెళ్ళినవాళ్ళను అక్కడి వైద్యులు బయల్దేరే ముందూ తిరిగొచ్చాకా పరీక్షించారు. కొలిస్టిన్ అనే ఆఖరి మందుకు కూడా లొంగని జన్యువును కొందరు యాత్రలోనే కడుపులో తెచ్చుకున్నట్టు తేలింది. దేవుడు ఎవరైనా, ఒకే చోట ఒకే నీళ్ళు, ఒకే గిన్నెలు, చాలీచాలని దొడ్లు, చేతినిండా గోలీలు ఉంటే జరిగేది అదే. భక్తిని తప్పుపట్టి ప్రయోజనం లేదు, జనం జాతరకు పోవడం మానరు, మానాల్సిన అవసరమూ లేదు. తప్పంతా ఏర్పాట్లలో ఉంది.

మన దగ్గర ఏర్పాట్లు చేయాల్సిన చోట్లు తక్కువేమీ కాదు. ములుగు జిల్లా మేడారంలో రెండేళ్ళకొకసారి సమ్మక్క సారలమ్మ జాతరకు కోటి మంది వస్తారని అంచనా. వాళ్ళలో ఎక్కువమంది ముందుగా జంపన్నవాగులో మునిగి లేస్తారు. చుట్టూ అడవి, పొలాలు. అక్కడే మూడు నాలుగు రోజులు బస, వంట, మలమూత్రాలు. గోదావరి పుష్కరాలు 2015లో జరిగాయి, మళ్ళీ 2027లో వస్తున్నాయి. శ్రీశైలం శివరాత్రి ఏటేటా ఉన్నదే. వీటన్నింటికీ వెళ్ళే దారుల్లో సేవ చేయాలని తపించే మనుషులకు మనకు కొదవ లేదు. ఆ తపన ఎటు మళ్ళుతుందన్నదే అసలు విషయం.

మందులకు లొంగని ఈ బ్యాక్టీరియా యాత్రల దగ్గరే కొత్తగా పుట్టుకొస్తున్నవి కూడా కావు. మొండితనం పుట్టే చోట్లు వేరే ఉన్నాయి. తుక్కుగూడ నుంచి ఔటర్ ఎక్కితే గంటలో చేరుకునే పటాన్‌చెరులో మందుల కంపెనీల మురుగును శుద్ధి చేసే ప్లాంటు నుంచి బయటికి వదిలే నీళ్ళను స్వీడన్ శాస్త్రవేత్తలు పరీక్షించి 2007లో ప్రకటించిన లెక్క ప్రపంచాన్ని నిర్ఘాంతపరిచింది. ఒక్క లీటరులో సిప్రోఫ్లోక్సాసిన్ 31 మిల్లీగ్రాముల దాకా ఉంది. బ్యాక్టీరియా మందుకు అలవాటు పడడానికి అంతకంటే మంచి బడి ఎక్కడ దొరుకుతుంది? కోళ్ళకూ పశువులకూ బరువు పెరగడానికి యాంటీబయాటిక్స్ పెట్టడం ఇంకొక దారి. పశువుల దాణాలో కొలిస్టిన్ వాడకాన్ని కేంద్రం 2019లో నిషేధించింది. చీటీ లేకుండా మందుల దుకాణంలో మూడు గోలీలు చింపి ఇవ్వడం మన వీధిలోనే జరుగుతోంది. పుట్టించేవి ఇవి. జాతర వాటిని ఒక్కచోట కలిపి ఊరూరికీ పంపుతుంది.

2019లో మందులకు లొంగని బ్యాక్టీరియా నేరుగా బలిగొన్నవాళ్ళు ప్రపంచమంతటా 12.7 లక్షల మంది అని లాన్సెట్ పత్రిక 2022లో అంచనా ప్రచురించింది. ఎయిడ్స్‌తోనో మలేరియాతోనో ఆ ఏడాది పోయినవాళ్ళకంటే ఇది ఎక్కువ.

ఇంత గట్టిగా చెప్పడానికి నాకు ఇంకొక కారణం ఉంది. ఈ మందుల వెనక మన వాళ్ళ కష్టం ఉంది. భీమవరంలో పుట్టిన ఎల్లాప్రగడ సుబ్బారావు పరిశోధనల అధిపతిగా ఉన్న లెడర్లీ ప్రయోగశాలల నుంచే టెట్రాసైక్లిన్ జాతి మందుల్లో మొదటిదైన ఆరియోమైసిన్ వచ్చింది. దాన్ని మట్టిలోని సూక్ష్మజీవి నుంచి బయటికి తీసింది ఆయన బృందంలోని వృద్ధ శాస్త్రవేత్త బెంజమిన్ డగ్గర్. 1948లో ఆ మందు లోకానికి తెలిసింది, ఆ ఏడాదే సుబ్బారావు పోయాడు. పేగుల జబ్బుతో తోడబుట్టినవాళ్ళను పోగొట్టుకున్న మనిషి ఆయన. అట్లాంటి మనుషులు ఊరూరి మట్టి జల్లెడ పట్టి తెచ్చిన మందులను మనం పప్పుబెల్లాల్లా పంచితే ఎట్లా?

పెన్సిలిన్ కనిపెట్టిన ఫ్లెమింగ్ 1945లో నోబెల్ బహుమతి అందుకుంటూ చేసిన ప్రసంగంలో ఒక చిన్న నీతి కథ చెప్పాడు. ఒకాయనకు గొంతు నొప్పి వస్తుంది. పెన్సిలిన్ కొనుక్కుని సరిపడా కాకుండా కొంచెం వాడతాడు. క్రిములు చావవు, మందుకు రాటుదేలతాయి. అవి భార్యకు అంటుకుంటాయి. ఆమెకు న్యుమోనియా వస్తుంది, పెన్సిలిన్ పనిచేయదు, ఆమె చనిపోతుంది. మందు జనానికి అందుబాటులోకి వస్తున్న రోజుల్లోనే, దాన్ని కనిపెట్టినవాడే చేసిన హెచ్చరిక ఇది. 80 ఏళ్ళు దాటాయి.

అట్లాగని రోగంతో ఉన్న యాత్రికుణ్ణి చేతులు ముడుచుకుని చూడమని కాదు. 1971లో బంగ్లాదేశ్ యుద్ధ సమయంలో బెంగాల్ సరిహద్దు పట్టణం బంగావ్‌కు కాందిశీకులు లక్షల్లో వచ్చిపడ్డారు. కలరా చుట్టుకుంది. సెలైన్ సీసాలు అయిపోయాయి. అక్కడున్న డాక్టర్ దిలీప్ మహలనబిస్ ఉప్పు, గ్లూకోజు, సోడా ఉప్పు పొట్లాలు కట్టించి, డ్రమ్ముల నీళ్ళలో కలిపించి, రోగుల బంధువుల చేతే తాగించాడు. వందకు ముప్పై మంది దాకా చనిపోతున్న చోట మరణాలు నాలుగు శాతం లోపుకు పడిపోయాయి. జనం ఎంత కిక్కిరిసిన చోటైనా విరేచనాలకు ముందుగా కావాల్సింది ఆ ఓఆర్‌ఎస్ నీళ్ళే. చాలా రకాల విరేచనాలకు యాంటీబయాటిక్ అసలు అక్కర్లేదు. జలుబుకూ, గొంతు నొప్పుల్లో చాలావాటికీ కారణం వైరస్సులే, వాటి మీద యాంటీబయాటిక్ పనిచేయదు. రక్తం పడుతుంటే, జ్వరం దిగకుంటే, మనిషి సోలిపోతుంటే డాక్టరు చూడాలి. డాక్టరు రాస్తే చెప్పినన్ని రోజులు వాడాలి. పొట్లం మీద నిలువుగా ఎర్ర గీత ఉంటే అది చీటీ లేకుండా మింగకూడని మందు అని అర్థం. ఆ గీతను గుర్తుపట్టమని కేంద్ర ఆరోగ్య శాఖ 2016 నుంచి ప్రచారం చేస్తోంది. మన ఇళ్ళలో ఎంతమంది గమనించారో మీరే మీ మందుల డబ్బా తెరిచి చూడండి.

అన్నదాన కమిటీలవాళ్ళకు, భజన మండళ్ళవాళ్ళకు, రోడ్డు పక్కన టెంటు వేయబోయే ప్రతి దాతకూ నా విన్నపం ఇది. వచ్చే శివరాత్రికి చందా పుస్తకం తెరిచినప్పుడు మొదటి పద్దు మరుగుదొడ్లకు, రెండో పద్దు సబ్బులకు, కాచిన నీళ్ళకు రాయండి. ఆ దొడ్లు రోజూ కడిగేవాళ్ళకు మంచి కూలి ఇవ్వండి. వడ్డించేవాళ్ళు ముందు చేతులు కడుక్కునేలా చూడండి. ఓఆర్‌ఎస్ పొట్లాలు ఎన్ని పంచినా ఫరవాలేదు. యాంటీబయాటిక్ గోలీల పెట్టె ఎవరైనా తెచ్చి ఇస్తే, తీసుకోకుండా, దండం పెట్టి దగ్గరలోని ప్రాథమిక ఆరోగ్య కేంద్రం డాక్టరుకు అప్పగించమని చెప్పండి.